శాన్ ఫ్రాన్సిస్కో బరీటో షాపుల్ని పోల్చడం ఎలా: రుచి లెక్క వేరు, డబ్బు లెక్క వేరు

మిషన్ డిస్ట్రిక్ట్‌లో ఏ బరీటో (లోపల సరుకులు పెట్టి చుట్టిన మెక్సికన్ రొట్టె) బాగుంటుంది అని ఎవర్నడిగినా ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరు చెప్తారు, అందరూ నిజమే చెప్తారు కూడా, కాకపోతే ఒకళ్ళు తిన్నది చికెన్ సూపర్ బరీటో, ఇంకొకళ్ళు తిన్నది ఉత్త బీన్స్ చీజ్ బరీటో, ఒకళ్ళు అర్ధరాత్రి ఆకలి మీద తిన్నారు, ఇంకొకళ్ళు డెలివరీలో తెప్పించుకుని ముప్పావు గంట తర్వాత తిన్నారు. వీటన్నిట్నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో చెప్పమంటే ఎవరి వల్లా కాదు. బే ఏరియాకి కొత్తగా వచ్చినవాళ్ళు గానీ, ఎన్నాళ్ళనుంచో ఉంటున్నా ఎప్పుడూ ఒకే షాపుకి వెళ్ళేవాళ్ళు గానీ, సరిగ్గా తేల్చుకుందాం అనుకుంటే ఎలా చెయ్యాలో చెప్తాను. కొంచెం ఓపిక కావాలి, కిచెన్ స్కేల్ ఒకటి కావాలి, తినే మనుషులు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటే మరీ మంచిది.

ముందే ఒక మాట గట్టిగా చెప్పేస్తాను. బరీటో పెద్దగా ఉంటే, చేతికి బరువుగా తగిలితే డబ్బుకి తగ్గది అనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. ఆ బరువు ఎక్కువసార్లు అన్నం వల్ల వస్తుంది, అన్నం షాపువాళ్ళకి అన్నిటికన్నా చవకగా పడే సరుకు. కాబట్టి ఈ పద్ధతంతా "నేను ఇచ్చిన డబ్బుకి లోపల ఏం వచ్చింది" అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

మొదట: దేనితో దేన్ని పోల్చాలో తేల్చుకోండి

బరీటో అంటే ఒకటే రకం కాదు. మిషన్ బరీటో అంటే పెద్ద మైదా టోర్టియాని (పల్చటి రొట్టెని) ఆవిరి మీద మెత్తబరిచి, అందులో అన్నం, బీన్స్, మాంసం, సాల్సా (టమాటా, మిరపకాయల పచ్చడి) పెట్టి, గట్టిగా చుట్టి ఫాయిల్‌లో కట్టి ఇచ్చేది. ఇది 1960ల్లో ఇక్కడే పుట్టింది. 1961 సెప్టెంబర్‌లో ఫోల్సమ్ స్ట్రీట్‌లోని ఎల్ ఫారో మొదట అమ్మిందని ఆ షాపు వాళ్ళు, కాదు 1969లో మేమే అని వాలెన్సియా స్ట్రీట్‌లోని లా కుంబ్రే వాళ్ళు, ఇద్దరూ చెప్పుకుంటారు. శాన్ డియెగోలో దొరికే కాలిఫోర్నియా బరీటో వేరే సంగతి, అందులో అన్నం బీన్స్ ఉండవు, గ్రిల్ చేసిన బీఫ్, చీజ్, ఫ్రెంచ్ ఫ్రైస్ ఉంటాయి. మెక్సికోలో సియుదాద్ హ్వారెస్ వైపు దొరికేవి ఇంకా సన్నగా, ఒకటి రెండు సరుకులతో ఉంటాయి. వీటిని మిషన్ బరీటోతో ఒకే పట్టికలో పెట్టకండి, అన్యాయం అయిపోతుంది, సన్న బరీటో సైజు దగ్గరే ఓడిపోతుంది.

షాపుల లిస్ట్ కూడా చిన్నగా పెట్టుకోండి. ఆరు షాపులు చాలు. పాతికా ముప్పై రాసుకుంటే సగంలో వదిలేస్తారు, పైగా మొదట తిన్నదాని రుచి చివరిది తినేనాటికి గుర్తుండదు. బార్ట్ రైలెక్కి వచ్చేవాళ్ళకి సులువు, 24వ వీధి మిషన్ స్టేషన్ దగ్గర దిగితే ఎల్ ఫారోలీటో పక్కనే, వాలెన్సియా వైపు నడిస్తే పపలోతే, మిషన్ స్ట్రీట్ మీదే 25వ వీధి వైపు వెళ్తే లా టకేరియా. 16వ వీధి స్టేషన్ దగ్గర దిగితే పాంచో వియా, లా కుంబ్రే, అక్కణ్ణుంచి మిషన్ స్ట్రీట్ మీద 19వ వీధి దాకా నడిస్తే టకేరియా కాన్‌కున్. ఒక స్టేషన్‌కి ఒక రోజు అనుకోండి, రెండు రోజుల్లో ఒక రౌండ్ అయిపోతుంది.

వీటితో పాటు చిపోట్లే అనే చైన్ షాపుని కూడా ఒక్కసారి కలపండి. అది గెలుస్తుందని కాదు, మనకి ఒక కొలబద్ద కావాలని. ఆ చైన్ పెట్టిన స్టీవ్ ఎల్స్ శాన్ ఫ్రాన్సిస్కోలో వంటవాడిగా పనిచేసినప్పుడు ఈ మిషన్ టకేరియాల్ని, అంటే ఈ బరీటో షాపుల్ని చూసే 1993లో డెన్వర్‌లో మొదటిది తెరిచాడు, అంటే దాని మూలం ఇక్కడే. వాళ్ళు మాంసం 4 ఔన్సులు అంటే దాదాపు 113 గ్రాములు అని బయటికే చెప్తారు, కాబట్టి లోకల్ షాపులో మాంసం ఎక్కువిచ్చారా తక్కువిచ్చారా అని చూసుకోడానికి ఆ 113 పనికొస్తుంది.

ఒకే ఆర్డర్, అన్ని షాపుల్లో

ఇది తప్పకుండా పాటించండి. ప్రతి షాపులో దానికదే స్పెషల్ అని బోర్డు ఉంటుంది, ఆశ పుడుతుంది, కానీ పోల్చే రోజు మాత్రం వద్దు. మాంసం తినేవాళ్ళకి నా సలహా పోయో అసాడో, అంటే గ్రిల్ చేసిన చికెన్, రెగ్యులర్ బరీటో, పింటో బీన్స్, మీడియం సాల్సా. ఎందుకు చికెన్ అంటే మనవాళ్ళలో ఎక్కువమంది తినగలిగేది అదే, ఇంకోటి, చికెన్ దగ్గర వంట నిర్లక్ష్యం వెంటనే దొరికిపోతుంది, కాసేపు ఎక్కువ ఉంచితే పీచులాగా ఎండిపోతుంది, ఉప్పు పట్టకపోతే దాచడానికి కొవ్వు ఉండదు.

సూపర్ కాకుండా రెగ్యులర్ ఎందుకంటే, సూపర్‌లో చీజ్, సార్ క్రీమ్, గ్వాకమోలే (అవకాడో ముద్ద) పడతాయి, ఆ మూడూ పడితే ఏదైనా బాగానే ఉంటుంది, ఎండిపోయిన చికెన్ కూడా క్రీమ్‌తో నడిచిపోతుంది. కానీ ఒక షాపు అసలు బలమే అవకాడో అయితే? అది వేరేగా చూద్దాం, కింద రాశాను.

బీఫ్, పోర్క్ తిననివాళ్ళు పేర్లు తెలుసుకుని వెళ్ళండి, లైన్ కదులుతున్నప్పుడు అడిగే టైం ఉండదు. కార్నే అసాడా బీఫ్. లెంగువా ఎద్దు నాలుక. బార్బకోవా ఇక్కడ ఎక్కువ చోట్ల బీఫే. అల్ పాస్తోర్, కార్నితాస్, చిలే వెర్దే మూడూ పంది మాంసం. బిర్రియా మామూలుగా మేక మాంసంతో చేస్తారు, కానీ కాలిఫోర్నియాలో చాలా చోట్ల బీఫ్‌తో చేస్తున్నారు, అడగాల్సిందే. కమరోనెస్ అంటే రొయ్యలు.

శాకాహారులకి ఇంకాస్త జాగ్రత్త. బీన్స్ అన్నం చీజ్ అంటే వెజ్ అయిపోయినట్టు కాదు. రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు వెయ్యడం పాత పద్ధతి, దాన్ని మాంతేకా అంటారు. టోర్టియా పిండిలో కూడా అదే కలిపే చోట్లు ఉన్నాయి, అన్నం చికెన్ స్టాక్‌తో వండే చోట్లూ ఉన్నాయి. "లోస్ ఫ్రిహోలెస్ తియెనెన్ మాంతేకా?" అని అడిగితే బీన్స్‌లో ఉందో లేదో చెప్పేస్తారు, టోర్టియా గురించి, అన్నం గురించి విడిగా అడగండి. గుడ్డిగా నమ్మదగ్గది మామూలుగా ఉడికించిన బ్లాక్ బీన్స్ లేదా పింటో బీన్సే అనుకుంటారు గానీ అదీ అడగడమే మంచిది. కూరగాయలు గ్రిల్ చేసే పెనం మీదే మాంసం కూడా కాలుస్తారు, అది మీకు కుదరకపోతే గ్రిల్డ్ వెజిటబుల్స్ వదిలేసి బీన్స్, అన్నం, చీజ్, అవకాడో దగ్గర ఆగండి. మీ స్టాండర్డ్ ఆర్డర్ ఏదైనా సరే, మొదటి షాపులో ఏం చెప్పారో ఆఖరి షాపులోనూ అదే చెప్పండి, ఒక్క మాట మారకూడదు.

టైమ్ కూడా ఒకటే ఉండాలి

వీక్‌డే పదకొండున్నర నుంచి ఒంటిగంట లోపు మంచిది. ఆ టైంలో చికెన్ పెనం మీద నుంచి నేరుగా కోసే చెక్క మీదకి వస్తుంది, అన్నం కొత్తగా వండింది ఉంటుంది. మూడు నాలుగింటికి వెళ్తే అదే షాపులో అదే చికెన్ ఆవిరి ట్రేలో గంటకు పైగా కూర్చుని ఉండొచ్చు. ఒక షాపుకి రష్‌లో వెళ్ళి, రెండోదానికి ఖాళీ టైంలో వెళ్తే మీరు పోల్చింది షాపుల్ని కాదు, గడియారాన్ని. డెలివరీ యాప్‌లో తెప్పించుకుని పోల్చడం అసలు వద్దు, ఫాయిల్‌లో ఆవిరికి టోర్టియా నానిపోతుంది, పైగా యాప్‌లో రేట్లు చాలాసార్లు కౌంటర్ దగ్గర కన్నా ఎక్కువ ఉంటాయి, రెండు లెక్కలూ పాడవుతాయి.

లైన్లో ఉన్నప్పుడు చూడాల్సింది

ఫోన్ పక్కన పెట్టి కౌంటర్ అవతల చేతుల్ని చూడండి, సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. టోర్టియాని ఆవిరి ప్రెస్‌లో పెడుతున్నారా, పెనం మీద కాలుస్తున్నారా? కాన్‌కున్‌లో పెనం మీద వేస్తారు, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు వచ్చి కొంచెం కరకరలాడుతుంది, ఎక్కువ చోట్ల ఆవిరే. రెండూ మంచివే, కానీ ఆవిరి ఎక్కువైతే టోర్టియా వేలికి జిగురుగా అంటుకుంటుంది.

ఇంకా ముఖ్యమైంది బీన్స్ గరిట. బీన్స్ తీసేటప్పుడు చిల్లుల గరిటతో తీసి, పాత్ర అంచుకి ఒకటి రెండుసార్లు తట్టి, నీళ్ళు కారిపోయాక వేస్తే ఆ మనిషికి పని తెలుసు అని అర్థం. రసంతో సహా పోసేస్తే పది నిమిషాల్లో ఆ రసమంతా బరీటో కింది కొసకి దిగి, టోర్టియా అక్కడ చిరిగి, ఆఖరి నాలుగు ముద్దలు చేతుల మీద కారతాయి. ఆ ఒక్క తట్టుడు చూసి ఆఖరి ముద్ద ఎలా ఉంటుందో ముందే చెప్పెయ్యొచ్చు.

సరుకు పరిచే తీరు చూడండి. అన్నం, బీన్స్, మాంసం మూడూ టోర్టియా పొడుగునా చారలుగా పరిస్తే ప్రతి ముద్దలో అన్నీ వస్తాయి. అన్నం ఒక చివర, మాంసం ఒక చివర కుప్పలా వేస్తే అడుగున ముక్కలన్నీ ఉండిపోయిన బిర్యానీ లాగా, సగం దాకా ఉత్త అన్నమే తినాలి.

తూకం, టేపు

ఇంట్లో కిచెన్ స్కేల్ చిన్నది బ్యాగులో పడేసుకోండి, బట్టలు కుట్టే టేపు, పళ్ళున్న కత్తి, పెన్ను పేపరు. ఫాయిల్‌తోనే తూచెయ్యండి, ఫాయిల్ బరువు కొన్ని గ్రాములే, తర్వాత విడిగా తూచి తీసేస్తే సరిపోతుంది. తర్వాత పొడుగు, మధ్యలో చుట్టుకొలత సెంటీమీటర్లలో. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడుగుతో గుణించి, 12.57తో భాగిస్తే మిల్లీలీటర్లలో సైజు వస్తుంది. చుట్టుకొలత 22, పొడుగు 19 అనుకోండి, దాదాపు 730 మిల్లీలీటర్లు. శాన్ డియెగోలో న్యూరోసైన్స్ చదువుకునే ఒక స్టూడెంట్ ఊళ్ళో చాలా బరీటోల్ని ఇలాగే టేపుతో కొలిచి, టోర్టియా, వేడి, మాంసం, మాంసానికీ మిగతావాటికీ ఉన్న నిష్పత్తి, కలయిక, చుట్టిన తీరు ఇలా ఒక్కోదానికీ విడిగా మార్కులేసి డేటా పోగేశాడు, ఆ కొలిచే ఆలోచన అక్కణ్ణుంచే తీసుకున్నా.

సైజూ బరువూ రెండూ ఎందుకంటే, రెండు బరీటోలు ఒకే సైజు కనపడి ఒకటి వంద గ్రాములు తక్కువ తూగితే అది వదులుగా చుట్టింది అని, లోపల గాలి ఉందని. వదులుగా చుట్టింది తింటుండగానే విడిపోతుంది.

ఇప్పుడు అసలు తూకం. ఇద్దరు ముగ్గురున్నప్పుడు ఒకే ఆర్డర్ రెండు తీసుకోండి, ఒకటి తినడానికి, ఒకటి కొలవడానికి. కొలిచేదాన్ని అడ్డంగా కాదు, నిలువుగా, పొడుగునా కొయ్యండి. అడ్డంగా కోస్తే మాంసం ఒక ముక్కలోకే వెళ్ళిపోవచ్చు, నిలువుగా కోస్తే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లోపలేం జరిగిందో మొత్తం కనపడుతుంది, ఫోటో తీసుకోండి, ఆర్నెల్ల తర్వాత కూడా పనికొస్తుంది. ఒక సగంలోంచి చికెన్ ముక్కలు ఫోర్కుతో ఏరి తూచి రెండింతలు చెయ్యండి. టోర్టియా విడిగా తూచండి. మిగిలిందంతా అన్నం, బీన్స్, సాల్సా, వాటిని ఇంకా విడదియ్యక్కర్లేదు, కుదరదు కూడా. ఏరిన తర్వాత పారెయ్యకండి, ప్లేట్లో కలుపుకుని తినేయొచ్చు, టోర్టియా లేకుండా గిన్నెలో అమ్మే బౌల్ లాగా బాగానే ఉంటుంది.

మార్కులు

వందకి వేసుకోండి. నేనైతే మాంసానికి 25, టోర్టియాకి 20, బీన్స్ అన్నం కలిపి 20, లోపల సమానంగా పరిచారా అన్నదానికి 20, సాల్సాకి 15 ఇస్తాను. మీకు సాల్సా అంటే ప్రాణమైతే దానికి పెంచుకోండి, అభ్యంతరం లేదు, కానీ తినడం మొదలుపెట్టాక మార్చకూడదు, నచ్చిన షాపుకి అనుకూలంగా చెయ్యి దానంతటదే కదిలిపోతుంది.

మాంసం అంటే అంచులు కాలాయా, లోపల తేమ ఉందా, ఉప్పు లోపలిదాకా పట్టిందా, నరాలూ పొరలూ నోటికి తగిలాయా. బీన్స్ అంటే తొక్క నిలబడి లోపల వెన్నలా ఉండాలి, గట్టిగా తగిలినా, మొత్తం చితికిపోయినా మార్కు పోతుంది. అన్నం పొడిపొడిగా, ఉత్తగా తిన్నా రుచి ఉండేలా ఉండాలి, చాలా షాపులు ఇక్కడే పోతాయి, అన్నానికి రుచి అక్కర్లేదన్నట్టు వండుతారు. టోర్టియా పచ్చిపిండి వాసన రాకూడదు, మడత దగ్గర చిరగకూడదు, రెండు చివర్లా ముద్దలా పేరుకుపోకూడదు.

సమానంగా ఉందా అన్నది తేల్చాలంటే మొదటి ముద్ద, మధ్య ముద్ద, ఆఖరి ముద్ద, మూడింటికీ విడిగా రాసుకోండి. నా దృష్టిలో మంచి షాపుకీ మామూలు షాపుకీ తేడా ఆఖరి ముద్దలోనే ఉంటుంది, మొదటి ముద్ద ఎవరైనా బాగానే చేస్తారు.

సాల్సా విషయంలో ఒక్క రూల్. లోపల వేసిన సాల్సాతోనే సగం దాకా తినండి, ఆ తర్వాతే సాల్సా బార్ దగ్గరికి వెళ్ళండి. పపలోతేలో ఆ నారింజ రంగు కాల్చిన టమాటా సాల్సా ఎంత బాగుంటుందంటే దాంతో కార్డ్‌బోర్డ్ కూడా తినెయ్యొచ్చు, అందుకే అది మొదట్నుంచీ పోసుకుంటే లోపల చికెన్ ఎలా ఉందో మీకు తెలియనే తెలియదు. బాగా కారంగా ఉన్నవి ఆ రోజు ఆఖరి షాపు అయ్యాకే, నాలుక మొద్దుబారితే తర్వాత షాపుకి అన్యాయం.

ఎవరి పేపరు మీద వాళ్ళు రాసుకున్నాకే మాట్లాడుకోండి. ఒకళ్ళు "అబ్బా సూపర్" అన్నాక మిగతావాళ్ళ మార్కులు పైకి పోతాయి, ఇది ప్రతిసారీ జరుగుతుంది.

డబ్బు లెక్క

బోర్డు మీద రేటు రాసుకోకండి, చేతిలోంచి పోయింది రాసుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలో సేల్స్ టాక్స్ 8.625 శాతం, వేడి తిండి మీద పడుతుంది. కార్డుకి ఎక్స్‌ట్రా తీసుకునే చోట్లు, క్యాష్ మాత్రమే తీసుకునే చోట్లు ఉన్నాయి, జేబులో కొంచెం క్యాష్ పెట్టుకోండి. టిప్ ఎంతివ్వాలనుకుంటే అంత ఇవ్వండి, కానీ పోల్చే లెక్కలో అన్ని షాపులకీ ఒకే శాతం వెయ్యండి లేదా పూర్తిగా తీసెయ్యండి. బార్ట్ టికెట్టు, పార్కింగ్ కలపొద్దు, కలిపితే మీ ఇంటికి దగ్గరున్న షాపే గెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ, అంకెలు ఊరికే అనుకున్నవి. మొదటి షాపులో 14 డాలర్లు, టాక్స్‌తో 15.21, బరీటో 760 గ్రాములు, అందులో చికెన్ 100. రెండో షాపులో 15 డాలర్లు, టాక్స్‌తో 16.29, బరీటో 620 గ్రాములే, కానీ చికెన్ 140. మొత్తం బరువు మీద చూస్తే మొదటిది వంద గ్రాములకి 2 డాలర్లు, రెండోది 2.63, మొదటిదే చవక. చికెన్ మీద చూడండి, మొదటి దాంట్లో వంద గ్రాముల చికెన్‌కి 15.21 ఇచ్చారు, రెండో దాంట్లో 11.64. తలకిందులైపోయింది. రెండు అంకెలూ రాసుకోండి, కడుపు నిండడమే ముఖ్యమైన రోజున మొదటి అంకె, మంచి తిండి కోసం వెళ్ళే రోజున రెండోది.

ఇది ఊహ కాదు అనడానికి లా టకేరియా ఉంది. అక్కడ బరీటోలో అన్నమే వెయ్యరు. బరువు మీద మార్కులేస్తే అది కిందికి పోతుంది. కానీ 2014లో అమెరికా మొత్తం మీద 64 షాపుల్ని టోర్నమెంట్‌లా పెట్టి ఫైవ్‌థర్టీఎయిట్ అనే వెబ్‌సైట్ వాళ్ళు పోలిస్తే గెలిచింది అదే, 2017లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ళ అమెరికాస్ క్లాసిక్స్ గౌరవం కూడా వచ్చింది. అన్నం లేని షాపుని మిగతావాటితో పోల్చేటప్పుడు మాంసం లెక్కా, రుచి మార్కులూ మాత్రమే చూడండి, మొత్తం బరువు గడి ఖాళీగా వదిలెయ్యండి. అక్కడే దొరదో అని అడిగితే చుట్టిన బరీటోని మళ్ళీ పెనం మీద వేసి పైన కరకరలాడేలా కాల్చిస్తారు, అది మన స్టాండర్డ్ ఆర్డర్ కాదు కాబట్టి పోల్చే రోజు వద్దు గానీ, ఇంకో రోజు తప్పకుండా తినండి.

శాకాహారులు చికెన్ స్థానంలో చీజ్, అవకాడో కలిపి తూచండి, అన్నం తప్ప ఏదైనా. వెజ్ బరీటో రేటు తక్కువని సంతోషపడతాం గానీ మాంసం తీసేసిన చోట ఇంకో గరిట అన్నం వేసి నింపే చోట్లుంటే అది చవక కాదు.

సూపర్ సంగతి ఇప్పుడు. రెగ్యులర్‌కీ సూపర్‌కీ రేటు తేడా ఎంతో రాసుకుని, ఆ తేడాకి ఏమొచ్చిందో చూడండి. కోసిన అవకాడో ముక్కలు పెడుతున్నారా, లేక నీళ్ళలా ఉన్న పచ్చటి సాస్ గీతలా పోస్తున్నారా? కాన్‌కున్‌లో ముక్కలే పెడతారు. చీజ్ టోర్టియా మీద ముందే వేసి కరగనిస్తున్నారా, లేక చల్లటి తురుము పైన చల్లుతున్నారా? కరిగిన చీజ్ టోర్టియాకి అంటుకుని రసం బయటికి రాకుండా ఆపుతుంది కూడా. చిప్స్ ఫ్రీ ఇచ్చే షాపులుంటాయి, మీరు నిజంగా తింటేనే దాన్ని లెక్కలో వేసుకోండి.

ఒక్కసారి తిని తీర్పు ఇవ్వకండి

ఒకే షాపులో చేసే మనిషి మారితే చెయ్యి మారుతుంది. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు అనలిస్టులు న్యూయార్క్‌లో ఎనిమిది చిపోట్లే షాపుల నుంచి ఒకే రకం బౌల్స్ 75 తెప్పించి తూచారు, ఆన్‌లైన్‌లో తెప్పించిన వాటిలో అన్నిటికన్నా బరువైన బౌల్ అన్నిటికన్నా తేలికైన బౌల్ కన్నా 87 శాతం ఎక్కువ తూగింది. ఇన్ని ఔన్సులు అని కొలత రాసుకున్న చైన్‌లోనే అంత తేడా ఉంటే చేత్తో వేసే టకేరియాలో ఉండదా. కాబట్టి ప్రతి షాపుకీ కనీసం రెండుసార్లు, వేరే రోజుల్లో. రెండు తూకాలకీ తేడా తక్కువ ఉంటే దాన్ని కూడా ఆ షాపు గొప్పతనం కింద రాసుకోండి, ఎప్పుడెళ్ళినా ఒకేలా పెట్టడం చిన్న విషయం కాదు.

రోజుకి మూడు షాపులకి మించొద్దు, అదీ నలుగురు పంచుకుంటేనే. చిపోట్లే వాళ్ళ ఉత్త టోర్టియానే 320 క్యాలరీలు, అలాంటివి మూడు ఒక్కళ్ళే తింటే మూడోదాని మీద మనసుండదు. షాపుల వరస కూడా రెండోసారి తిప్పెయ్యండి, మొదటిసారి ఆఖర్న తిన్నదాన్ని ఈసారి ఆకలి మీద మొదట తినండి.

అంతా అయ్యాక రుచి మార్కులూ డబ్బు లెక్కా కలిపి ఒకే అంకె చేద్దామనిపిస్తుంది, చెయ్యకండి. రెండు గడులు పక్కపక్కన ఉంచండి. 88 మార్కులు, వంద గ్రాముల చికెన్‌కి 14 డాలర్లు అని రాసుంటే ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు, కలిపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

పైన రెండు షాపులు దగ్గర దగ్గరగా మిగిలితే ఫైనల్ ఇలా పెట్టండి. ఇద్దరు మనుషులు ఒకే టైంకి రెండు షాపుల్లో కొని, మధ్యలో ఎక్కడైనా కలవాలి, డోలోరెస్ పార్క్ బాగుంటుంది. తినని మనిషి ఒకళ్ళు ఫాయిల్ విప్పి, రెండిట్నీ మొదలు, మధ్య, చివర ముక్కలుగా కోసి, ప్లేట్ల అడుగున షాపు పేరు రాసి తిరగేసి ఇవ్వాలి. పేరు తెలిస్తే పేరుకే మార్కులు పడతాయి, ముఖ్యంగా అవార్డులొచ్చిన షాపు ఒకటి ఉన్నప్పుడు. చల్లారకముందే తినండి, విప్పాక పది నిమిషాల లోపే, ప్లేట్లు తిప్పి చూసేది మాత్రం అందరూ మార్కులు రాసేసి పెన్ను కింద పెట్టాకే.